షట్టర్ ఉన్న అంగడి

మా తుమ్మలకుంట మున్సిపాలిటీ అయినందుకు మాకు దక్కిందేమిటని ఎవరైనా అడిగితే ఇంటిపన్ను రశీదు చూపిస్తాను. మిగతావన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. మోరీలు అవే, దోమలు అవే, వాటిని పెంచి పోషించే మనుషులూ వాళ్ళే. పాత పంచాయతీ ఆఫీసుకు గులాబీ పువ్వు రంగు వేయించి, పురపాలక సంఘ కార్యాలయం అని బోర్డు పెట్టారు. ఆ బోర్డు చేసింది నేనే. నా పేరు శ్రీశైలం. ఆఫీసుకు ఎదురుగానే నా ఫ్లెక్సీల దుకాణం.

చైర్మన్ పుట్టినరోజు, చైర్మన్ కొడుకు పుట్టినరోజు, చైర్మన్ కొత్త కారు కొన్న సందర్భంగా అభిమానుల శుభాకాంక్షలు, ఇవన్నీ నా మిషన్లోంచే బయటికి వస్తాయి. వాళ్ళ మొహాల మీది మచ్చలు చెరిపి, బుగ్గలు తెల్లగా చేసి, బట్టతల మీద నాలుగు వెంట్రుకలు మొలిపించేది నేను. కాబట్టి ఆ తలకాయల్లో ఎంత సరుకుందో నాకు తెలిసినంత బాగా వాళ్ళ పెళ్ళాలకు కూడా తెలియదు.

చైర్మన్ పేరు గోపీకృష్ణ. హైవే పక్కన ప్లాట్లు అమ్మి పైకొచ్చాడు. చౌటుప్పల్ దాకా పెరిగిన హైదరాబాదు రేపోమాపో తుమ్మలకుంటకూ వచ్చేస్తుందని చెప్పి, రాళ్ళూ తుమ్మచెట్లూ తప్ప ఇంకేమీ లేని గుట్టను గజాల లెక్కన అమ్మాడు. ఖాళీ జాగా ఎక్కడ కనిపించినా ఆయనకు చెయ్యి దురద పెడుతుంది. అలా ఆయన కన్ను మా అంగడి మీద పడింది.

మా దగ్గర అంగడి అంటే దుకాణం కాదు, సంత. ప్రతి బుధవారం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి నేలమీద గోనెసంచులు పరుచుకుని కూర్చుంటారు. ఒకరు వంకాయలు, ఒకరు ఎండు చేపలు, ఒకరు గాజులు, ఒకరు కోళ్ళు. పొద్దు గూకేసరికి సంచులు దులుపుకుని వెళ్ళిపోతారు. బస్టాండు పక్కనున్న ఖాళీ జాగాలో మా తాతల కాలం నుంచీ అట్లాగే జరిగింది. గోపీకృష్ణ అక్కడ పార్కు కడతానన్నాడు. చుట్టూ కంచె వేసి, మధ్యలో ఒక సిమెంటు జింకను నిలబెట్టి, గేటుకు తాళం వేశాడు. ఆ జింక ఒక్కటే ఇప్పుడు ఆ పార్కులో హాయిగా తిరగ... తిరగదు లెండి, నిలబడి ఉంటుంది.

అంగడివాళ్ళు హైవే సర్వీసు రోడ్డు అంచుకు చేరారు. ఒక పక్క మోరీ, ఇంకో పక్క మందుల కంపెనీల బస్సులు, ఇసుక లారీలు. ఒక బుధవారం ఒక లారీ డ్రైవరు ఎదురొచ్చే బస్సును తప్పించబోయి ఈదమ్మ టమాటల గంపను తొక్కించాడు. ఈదమ్మ చటుక్కున లేచి పక్కకు దూకింది కాబట్టి బతికింది. ఆమె పక్కనే కూర్చునే అజీజా బేగం దూకలేదు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. కూర్చుంటే లేవడానికి ఇంకొకరి చెయ్యి కావాలి. లారీ చక్రం ఆమె వెల్లుల్లి కుప్పకు, మా మాటలో ఎల్లిగడ్డల కుప్పకు, జానెడు దూరంలో ఆగింది.

అజీజా చాచీ ఎల్లిగడ్డ, అల్లం, ఎండుమిర్చి అమ్ముతుంది. మొగుడు పోయినా, కొడుకు దుబాయి పోయినా ఆమె అంగడి మానలేదు. ఆ బుధవారం మాత్రం సంచి మడిచి తిన్నగా నా దుకాణానికి వచ్చి కూర్చుంది.

"శ్రీశైలం, వచ్చే వారం నన్ను లారీ తొక్కుతది బేటా. అంగడికి ఏడనన్న జర జాగా చూపియ్యమని అడగాలె. నన్ను మీటింగుకు తోల్కపో."

కౌన్సిల్ మీటింగు రోజు బ్యానరు కట్టడానికి నేను ఎలాగూ లోపలికి పోతాను. చాచీని వెంట తీసుకుపోయాను. హాల్లో ఖాళీ కుర్చీలు బోలెడున్నాయి, ఆమెను కూర్చోమన్నవాడు లేడు. వార్డు మెంబర్లు మిర్చి బజ్జీలు తింటూ ఉన్నారు. బజ్జీల తర్వాత చాయ్ వచ్చింది, చాయ్ తర్వాత ఫోటోలు దిగారు, అప్పుడు చైర్మన్‌కు ఆమె కనిపించింది.

"ఏందమ్మా?"

"అంగడి కావాలె చైర్మన్ సాబ్. రోడ్డు మీద సచ్చిపోతున్నం. నువ్వే పెద్దమనసు చేస్కొని మాకు అంగడి చూపియ్యాలె."

"గింతేనా? అంగడే గదా. చేద్దాం. రాస్కోవయ్యా," అన్నాడు పక్కనున్న గుమాస్తాతో, ఫోను చూసుకుంటూ. పట్టణంలో అంగడి ఏర్పాటు చేయుటకు సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. బల్లలు చరిచారు. అందులో సగం మందికి దేనికి చరుస్తున్నారో తెలియదు. చాచీ మాత్రం రెండు చేతులూ ఎత్తి వాళ్ళందరికీ దువా చేసింది. నాకు ఆమెను చూస్తే జాలేసింది, వాళ్ళను చూస్తే ఒళ్ళు మండింది. అయినా పని జరుగుతుందేమోనని నోరు మూసుకున్నాను.

పని జరిగింది. అదే విచిత్రం. మా మున్సిపాలిటీలో ఏ పనీ అంత వేగంగా జరగగా నేను చూడలేదు. మూడు నెలలు తిరక్కుండానే పాత వాటర్ ట్యాంకు దగ్గర పునాది తీశారు. ట్యాంకు చుట్టూ ఎకరానికి పైగా ప్రభుత్వ జాగా ఉంది, వేపచెట్లున్నాయి, బస్సులు రావు. మంచి చోటే చూశారు అనుకున్నాను. ఆ సాయంత్రం చాచీని నా బండి మీద ఎక్కించుకుని చూపించడానికి తీసుకుపోయాను.

అక్కడ ఒక మేస్త్రీ ఒక చిన్న గదికి గోడలు లేపుతున్నాడు.

"గిదేంది?" అంది చాచీ.

"అంగడమ్మా," అన్నాడు మేస్త్రీ.

"గిది అర్ర గాదా. అంగడేది?"

"గిదే అంగడి. గా ముంగటికి షట్టర్ వస్తది."

సంగతి మరుసటి రోజు తెలిసింది. తీర్మానం ఇంజినీరు దగ్గరికి పోయింది. ఆ పిల్లగాడు నగరంలో పుట్టి, నగరంలో చదివి, సంత మొహం ఎరగకుండా ఉద్యోగంలోకి వచ్చినవాడు. అంగడి అంటే దుకాణం అని బళ్ళో చదువుకున్నాడు. ఒక దుకాణానికి ఎంత సిమెంటు, ఎంత ఇనుము, ఎంత షట్టరు కావాలో లెక్క కట్టి పైకి పంపాడు. పైవాళ్ళు మంజూరు చేశారు. అలా మా ఊరి వారపు అంగడికి ఒక గది వచ్చింది.

పుస్తకాల తెలుగులో అంగడి అంటే దుకాణమే, కాదనను. కానీ ఆ ఇంజినీరు ఒక్క బుధవారం కిటికీలోంచి రోడ్డు మీదికి తొంగి చూసి ఉంటే సరిపోయేది. పోనీ ఆయన పరాయివాడు. చైర్మన్‌కేమైంది? తుమ్మలకుంటలో పుట్టి, తల్లి కొంగు పట్టుకుని అంగట్లో బెల్లం జిలేబీ తిని పెరిగినవాడు కదా. అదే అడిగాను.

గోపీకృష్ణ నవ్వాడు. "తెల్సు శ్రీశైలం. పునాది నాడే చూసిన. గిప్పుడు తప్పయిందని రాస్తే వచ్చిన పైసలు వాపస్ పోతయ్. వచ్చిన పనిని వాపస్ పంపుతరా ఎవలన్న? ముంగట ఇది కానియ్యి. అంగడిది ఎన్కకు చూద్దాం."

"అయితే గా గదిల ఎవలు కూసుంటరన్నా? నూరు మందున్నరు అంగట్ల."

"వేలం పెడ్తం. రూల్ ప్రకారం పోవాలె గదా."

వేలం రూలు ప్రకారమే జరిగింది. పాడింది ఒక్కడే, చైర్మన్ బామ్మర్ది మల్లేష్. ప్రారంభోత్సవానికి నేను పెద్ద ఫ్లెక్సీ కొట్టాను. చైర్మన్ దండం పెడుతున్న ఫోటో, పక్కన కోడిపిల్లంత సైజులో వార్డు మెంబర్లు, పైన 'చిరు వ్యాపారుల చిరకాల స్వప్నం సాకారం' అని అక్షరాలు. గోపీకృష్ణ రిబ్బను కత్తిరించి, షట్టరు ఎత్తి, ఈ అంగడి కోసం తాను నిద్రాహారాలు మానానని ప్రసంగించాడు. ఆ పొట్టను చూసినవాళ్ళెవరూ ఆహారం సంగతి నమ్మలేదు. షట్టరు మీద 'వారపు అంగడి' అని రంగుతో రాశారు. లోపల మల్లేష్ సబ్బులు, షాంపూలు, ఉల్లిగడ్డలు, ప్లాస్టిక్ కవర్లలో కట్టిన ఎల్లిగడ్డలు పెట్టాడు.

మరుసటి బుధవారం పొద్దున్నే అంగడివాళ్ళంతా సర్వీసు రోడ్డు వదిలి ట్యాంకు దగ్గరికి వచ్చారు. వాళ్ళ లెక్క సూటిగానే ఉంది. అంగడి కట్టామని చెప్పారు, అంగడి అని రాశారు, మరి అంగడివాళ్ళు అక్కడ కాక ఇంకెక్కడ కూర్చుంటారు? వేపచెట్ల కింద గోనెలు పరిచారు. అజీజా చాచీ ట్యాంకు నీడలో, లారీల భయం లేకుండా కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఎన్నాళ్ళకో ఆమె మొహంలో నవ్వు చూశాను. ఆ ఒక్క బుధవారం మా ఊరికి నిజంగానే అంగడి ఉంది.

మల్లేష్ దుకాణంలోకి మాత్రం ఈగ కూడా పోలేదు. బయట కుప్పపోసిన ఎల్లిగడ్డలు ఏరుకునే వీలుండగా కవర్లో కట్టినవి ఎవరు కొంటారు? పొద్దు గూకేలోపే బావకు ఫోను పోయింది. తెల్లారి ఆఫీసు అటెండరు హనుమంతు ఒక కాగితం పట్టుకుని నా దుకాణానికి వచ్చాడు. మొహం చిన్నబుచ్చుకుని ఉన్నాడు.

"జల్ది కొట్టాల్నట అన్నా. నన్ను తిట్టకు."

కాగితం మీద ఇలా ఉంది. 'అంగడి ఎదుట కూర్చుండి అమ్మకములు జరుపుట నిషేధం. ఉల్లంఘించినవారి సరుకు స్వాధీనం చేసుకొనబడును.'

నేను రెండుసార్లు చదివాను. అంగడి ముందు అంగడి పెట్టకూడదట! ఇంత తెలివి ఒక్క తలకాయలో పుట్టేది కాదు, కౌన్సిలంతా కలిసి కని ఉంటుంది. నేను కొట్టకపోతే చౌటుప్పల్ పోయి కొట్టించుకుంటారు. కొట్టాను. అక్షరాలు మాత్రం వీలైనంత పెద్దవి పెట్టాను, హైవే మీద పోయేవాళ్ళు కూడా చదివి నవ్వుకోవాలని.

ఆ తర్వాతి బుధవారం మున్సిపాలిటీ ట్రాక్టరు వచ్చింది. ఈదమ్మ కూరగాయల గంపలు, చాచీ అల్లం సంచీ ఎత్తి ట్రాలీలో పడేశారు. చాచీ ఎవరో చెయ్యి అందిస్తే లేచి, నడవలేక నడుస్తూ ఆఫీసుకు వచ్చింది. చైర్మన్ వరండాలోనే ఉన్నాడు.

"చైర్మన్ సాబ్, అంగడి కావాల్నని నేనే అడిగిన. అంగడైతే అయింది. నన్నెందుకు లేపుతున్నరు?"

"అమ్మా, నువ్వడిగినవ్, మేం కట్టిచ్చినం. ఇంక దానికి అడ్డంగ కూసుంటే ఎట్ల? ఏం చెయ్యాలె, నువ్వే చెప్పు."

"అంగడంటే మేమే గద సార్."

గోపీకృష్ణకు ఆ మాట అర్థం కాలేదు. కాకపోవడం ఏమిటి, అయింది. అయినా కారెక్కి పోయాడు. చాచీ నా వైపు తిరిగి, "వాళ్ళకు మనం కనవడ్తలేం బేటా," అంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

ఆ వారంలోనే అంగడి తుమ్మలకుంట వదిలి పోయింది. పొరుగున రాళ్ళగూడెం అనే చిన్న ఊరుంది. అది మున్సిపాలిటీ కాదు, అవుతుందన్న భయమూ లేదు. అక్కడి సర్పంచు కాటమయ్య బడి వెనక ఖాళీ జాగా చూపించి కూర్చోమన్నాడు. పునాది తీయలేదు, షట్టరు పెట్టలేదు, నాకు ఫ్లెక్సీ కూడా ఇవ్వలేదు. నాకదొక్కటే నష్టం. చాచీకి నష్టం ఎక్కువ. సొంత ఊళ్ళోని అంగడిని వదిలి, ఆ మోకాళ్ళతో ఆటో ఎక్కి దిగాలి. అయినా పోతోంది.

తుమ్మలకుంట జనం కూడా బుధవారం ఆటోలెక్కి రాళ్ళగూడెం పోయి కూరగాయలు తెచ్చుకుంటున్నారు. బస్టాండు దగ్గర చాయ్ హోటళ్ళు, బట్టల కొట్లు, అంగడి రోజు గిరాకీతో బతికినవన్నీ ఈగలు తోలుకుంటున్నాయి. కౌన్సిల్ దీన్ని గమనించి, పట్టణంలో వ్యాపారాభివృద్ధికి ఒక కమిటీ వేసింది. కమిటీ బ్యానరు నేనే కొట్టాను.

పోయిన బుధవారం నేనూ ఎల్లిగడ్డల కోసం రాళ్ళగూడెం పోయాను. చాచీ దగ్గర నిలబడి ఏరుకుంటుండగా వెనక ఎవరో బస్తా దింపిన చప్పుడైంది. తిరిగి చూస్తే మల్లేష్. చంకలో తాడుపత్రి, నెత్తిన చెమట. అంగడి లేని ఊళ్ళో అంగడి పెట్టుకుని ఎన్నాళ్ళు కూర్చుంటాడు? కుళ్ళిపోకముందే ఉల్లిగడ్డలు అమ్ముకోవడానికి వచ్చాడు. ఆలస్యంగా వచ్చాడు, ఎక్కడా జాగా లేదు. అందరి దగ్గరా అడిగి, అందరి చేతా మొహం తిప్పించుకుని చివరికి చాచీ ముందు నిలబడ్డాడు.

"చాచీ, జర జరుగుతవా?"

ఈదమ్మ పక్కున నవ్వింది. "ఏం మల్లేషూ, షట్టర్ తెచ్చుకున్నవా, ఈడ పెట్టియ్యాల్నా?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనైతే కడుపునిండా నవ్వాను. మల్లేష్ తల దించుకున్నాడు. ఇప్పుడు చాచీ నాలుగు తిడుతుంది, విని పోదామని ఆశగా నిలబడ్డాను. ఆమె మోకాలి మీద చెయ్యి ఆనించి, ఎల్లిగడ్డల కుప్పను రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. గోనె అంచు మడిచింది. పళ్ళు బిగించి మూలుగుతూ ఒక మూర పక్కకు జరిగింది. మల్లేష్ తాడుపత్రి పరిచాడు.

నాకు మండిపోయింది. "నీ సరుకు ట్రాక్టర్ల ఏపిచ్చినోడు చాచీ! వానికెందుకు జరిగినవ్?"

చాచీ నన్ను వింతగా చూసింది.

"జరగకపోతే ఆడు ఏడ కూసుంటడు బేటా?"

మా కౌన్సిల్ మీటింగులన్నిటికీ బ్యానర్లు కట్టినవాణ్ణి నేను. ఈ ఒక్క ప్రశ్న అక్కడ ఇంతవరకు ఎవరూ అడగలేదు.