బాతుల మధ్య స్కూటీ

మండపేటలో లెక్కల టీచరు సీతారామలక్ష్మి క్లాసంటే పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. స్కూటీ నేర్చుకునేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టేది ఆవిడే. హ్యాండిల్‌ని పీక పిసికినట్టు పట్టుకునేది. పట్టు బిగిసినకొద్దీ బండి తాగినవాడిలా తూలేది.

“వదినా, కాస్త వదులుగా పట్టుకోవే,” అంది ఆ రోజు కాలవ గట్టు మీద వెళ్తుంటే వెనక కూర్చున్న ఆడపడుచు బేబీ. “చైనాలో పూర్వం పెద్దలు ‘వూ వే’ అన్నారట. పనితో కుస్తీ పట్టకూడదట. నీళ్లు పల్లానికి పోయినట్టు పోవాలట. ఫోన్లో విన్నాను.”

“పల్లమంటే ఈ కాలవలోకేనా?”

అంతలో మలుపు తిరిగేసరికి గట్టు రోడ్డు నిండా బాతులు! కోసిన చేలోకి మేతకు తోలుకెళ్తున్న పెద్ద మంద. బ్రేకు ఏ వైపుందో సీతారామలక్ష్మికి గుర్తు రాలేదు.

“వదినోయ్!” బేబీ కెవ్వుమంది.

ఇక తను చేయగలిగిందేమీ లేదనిపించింది ఆవిడకి. భుజాలు జారాయి. వేళ్లు సడలాయి. బండి వేగం తగ్గి, తిన్నగా, నింపాదిగా మందలోకి నడిచింది. బాతులు గోలగోలగా అరుస్తూ పాపిడి తీసినట్టు రెండు పాయలయ్యాయి. ఒకటి మాత్రం ఎగిరి ఆవిడ పాదాల దగ్గర కూర్చుని, కొంతదూరం దర్జాగా వచ్చి, చేను కనబడగానే దిగిపోయింది.

“టిక్కెట్టు తీసుకోకుండానే దిగిపోయిందే!” అంది బేబీ.

సీతారామలక్ష్మికి నవ్వు పొట్టలోంచి పొంగుకొచ్చింది. నవ్వుతుంటే చేతులు బిగపట్టడం ఎవరి తరం? బండి వెన్నలో కత్తిలా సాగింది. ఇల్లు దాటింది. గేటు దగ్గర పేపరు చదువుతున్న భర్త ఉదయ్‌భాస్కర్ అదిరిపడి లేచాడు.

“ఏమే, ఎక్కడికి? ఆపు!”

“నేనేం తోలట్లేదండీ, అదే పోతోంది!”

రైసు మిల్లులు దాటి, అరటి తోటలు దాటి, పెట్రోలు అయిపోయాక గానీ బండి ఆగలేదు. వదినా ఆడపడుచూ గట్టు మీద చతికిలబడి, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ మళ్లీ మళ్లీ నవ్వారు.

బేబీ ఫోను చేస్తే ఉదయ్‌భాస్కర్ సీసాలో పెట్రోలు పట్టుకుని, కోపం నటిస్తూ మోటారు సైకిలు మీద వచ్చాడు. సీతారామలక్ష్మి ఆయన బండి తాళం బేబీ చేతిలో పెట్టింది.

“మీరు నా వెనక ఎక్కండి.”

ఆయన ఎక్కి, ఆవిడ భుజాన్ని గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

“అంత బిగుసుకుపోతే ఎలాగండీ?” అంటూ సీతారామలక్ష్మి బండి కదిలించింది.