ఎద్దుబండి భయ్యా

సాహెబు గారు వాక్యం పూర్తిచేసేలోపే ఉమారాణి వేళ్ళు దాన్ని టైపు చేసి ఫుల్‌స్టాప్ దగ్గర కాచుకుని కూర్చున్నాయి. పొట్టి మనిషి, కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు చివరే ఉంటుంది. ఢిల్లీ వచ్చిన నాటి నుంచి స్టెనో ఉద్యోగమే. పొద్దస్తమానం పరాయి మాటలే టైపు చేస్తుంది. తన మాటలంటూ ఆమె రాసుకున్నది ఒక్క తెలుగు గేమర్ల ఫోరంలోనే.

ఆమె కంప్యూటర్లో ఆడేది లారీ నడిపే ఆట. అందులోనూ ఎర్రలైటు పడితే ఆగుతుంది, ఎవర్నీ దాటిపోదు. తుపాకులాటల కుర్రకారు ఆమెను మగవాడే అనుకుని 'ఎద్దుబండి భయ్యా' అని పేరు పెట్టారు. అయినా ఏ చిక్కొచ్చినా భయ్యానే అడిగేవారు. ఆమె పేజీడు జవాబు రాస్తే వాళ్ళు పేజీడు వాదించేవారు. రానురాను పేజీలు పోయి నవ్వుబొమ్మలు మిగిలాయి. ఇవాళ సాయంత్రంతో ఫోరం మూత, అందరూ వాయిస్ గ్రూపులోకి రావాలని దాన్ని నడిపే సాయి కిరణ్ ప్రకటించాడు.

గొంతు విప్పితే భయ్యా కాస్తా ఆంటీ అయిపోతుంది. తర్వాత తన మాట లెక్కచేసేదెవరు? ఇంటికెళ్ళే బస్సులో వసంత్ కుంజ్ దాకా ఆమెకు అదే భయం. దిగేసరికి భయం పోయి, గొంతును బట్టా మాటకి విలువ అని ఒళ్ళు మండింది.

ఇంటికి రాగానే కూతురు అనూహ్య చెవులకున్న హెడ్‌ఫోను లాక్కుని తను తగిలించుకుంది.

"మమ్మీ, ఆజ్‌కల్ కోయీ నహీ పఢ్తా, ఎవరూ చదవరిప్పుడు," అంటూ పక్క గదిలోకి వెళ్ళింది అనూహ్య.

"చదవకపోతే వాళ్ళ ఖర్మ."

మైకు ఆన్ చేసింది. "నేనేనండీ, ఎద్దుబండిని. నా పేరు ఉమారాణి. మాది తణుకు."

గ్రూపులో ఒకటే నవ్వులు. "అరే, ఆంటీ! వంటల గ్రూపు పక్కనుంది," అన్నాడొకడు.

"ఉందిలే నాయనా, ముందు నువ్వెళ్ళి అన్నం వార్చడం నేర్చుకో. భయ్యా అన్నప్పుడు విన్నారుగా, ఇప్పుడూ వినండి. మీ ఆటలో చంపినవాడు గెలుస్తాడు. నా ఆటలో సరుకు క్షేమంగా చేరితే చాలు. అదీ ఆటే. సాయి కిరణ్, పాత పోస్టులు చెరపకు బాబూ."

"ఎవరూ చదవట్లేదండీ. ఇంకాసేపట్లో తీసేస్తున్నాం," నసిగాడు సాయి కిరణ్.

"అయితే నేను దిగిపోతున్నా. నాతో పనుంటే రాసి అడగండి."

కాల్ కట్ చేయకుండానే హెడ్‌ఫోను తీసి పక్క కుర్చీలో పడేసింది. ఫోరంలో ఎవరో కొత్త సభ్యుడి ప్రశ్న మిగిలిపోయి ఉంది: ట్రైలరుని వెనక్కి నడపడమెలా? మూసేస్తారని తెలిసీ ఆమె తాపీగా రాయసాగింది. వెనక తొట్టి కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకి తిప్పాలి. అద్దంలోంచి కన్ను తీయకూడదు. వెనక హారన్లు కొట్టేవాళ్ళని కొట్టుకోనివ్వాలి. కింద మొదటిసారి సొంత పేరు పెట్టింది.

పోస్టు చేసిన కాసేపటికే పేజీ ఖాళీ అయిపోయింది, ఫోరం మూతబడింది. అయినా రాసినందుకు ఆమెకు రవ్వంత విచారం లేదు. చెప్పులేసుకుని పాల బూత్‌కి వెళ్ళిపోయింది.

ఖాళీ గదిలో, కుర్చీలోని హెడ్‌ఫోనులోంచి ఓ కుర్ర గొంతు సన్నగా పిలుస్తూనే ఉంది: "భయ్యా... ఆంటీ... ఉమారాణి గారూ, సగం చదివేసరికి పేజీ పోయిందండీ, స్టీరింగు ఎటు తిప్పమన్నారు?"