యేసుమణి చెప్పిన మాట

మా ఆడబిడ్డ యేసుమణికి పిచ్చి పట్టిందని మా వీధిలో ఒక్కరూ అనలేదు. అని ఉంటే ఎంత బాగుండేదో. ఆమె మీద పరిశుద్ధాత్మ దిగిందన్నారు. మా ఇంటి ముందు చెప్పులు విడిచి, తలమీద కొంగు కప్పుకుని నిలబడ్డారు. ఆ చెప్పులు చూస్తేనే నాకు ఒళ్ళు మండిపోయేది.

యేసుమణి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. ఆడవాళ్ళ బాత్రూముల డ్యూటీ. పెళ్ళి వద్దని మొండికేసి, వాళ్ళన్న బ్లెసన్ దగ్గర, అంటే మా ఇంట్లోనే ఉంటుంది. మా అత్త చనిపోయిన రోజు ఆమె డ్యూటీలో ఉంది. అక్కడ ఫోన్లు లాకర్లో పెట్టి లోపలికి పోవాలి. సాయంత్రం బయటికొచ్చి ఫోన్ తెరిచేసరికి ఇక్కడ మేం అత్తకు స్నానం చేయించి పెట్టెలో పెట్టేశాం.

సమాధి అయిన నాటినుంచి యేసుమణికి నిద్ర లేదు. గోడకు ఆనుకుని కళ్ళు తెరుచుకుని కూర్చునేది. దుఃఖం కదా, అదే తగ్గుతుందిలే అనుకున్నాం. మళ్ళీ డ్యూటీకి పోయింది. చేతులు ఆరబెట్టుకునే మిషన్ ఉంటుందే, దాని గాలిచప్పుడులో అమ్మ మాట్లాడుతోందని వచ్చి చెప్పింది. రెండు రోజులు పోయాక, అమ్మ కాదు వదినా, ప్రభువే అంది. మా ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకుని స్తోత్రం చెప్పాడు. నాకు మాత్రం భయం పట్టుకుంది.

ఆ ఆదివారం మా రేకుల చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయానికి యేసుమణి లేచింది. ఆ గొంతు మా యేసుమణిది కాదు. ఒకామెకు ప్లాటు కేసు గెలుస్తావంది, ఇంకొకామెకు మనవడు పుడతాడంది. నడుచుకుంటూ పోయి ప్రేమయ్య చిన్నాయన ముందు ఆగింది.

చిన్నాయన మా మామకు తమ్ముడు. భార్య పోయింది, పిల్లలు లేరు. మామ తొందరగా కన్నుమూస్తే యేసుమణిని భుజాల మీద మోసి పెంచినవాడు. తుక్కుగూడ దగ్గర ఒక గోదాముకు కాపలా ఉంటాడు. షుగర్‌కు పొద్దున, సాయంత్రం ఇన్సులిన్ సూది వేసుకోవాలి. ఏళ్ళ తరబడి పొడిచి పొడిచి పొట్టంతా గట్టిపడిపోయింది.

యేసుమణి ఆయన నెత్తిమీద చెయ్యి పెట్టింది. "ప్రేమయ్యా, నీ చక్కెర నేను తీసేసిన. ఇగ సూది పారేయ్," అంది.

చర్చి మొత్తం హల్లెలూయ అంది. కన్నకూతురి లాంటి పిల్ల చిన్నాయనను పేరుపెట్టి పిలుస్తుందా? ఎన్నడైనా పిలిచిందా? ఇది ప్రభువు నోరే అనడానికి అంతకంటే ఏం కావాలి వాళ్ళకు.

రెండు రోజులు తిరగకుండానే ఆ ప్రభువు ముఖం మారిపోయింది. బియ్యంలో విషం కలిపానని నా మీద అరిచి, బస్తా తీసుకుపోయి మోరీ కాలువలో గుమ్మరించింది. చెప్పుల్లేకుండా రింగురోడ్డు పక్కన లారీలకు ఎదురు నడుస్తుంటే ఎవరో ఆటో అతను గుర్తుపట్టి తెచ్చి దించాడు. మా ఆయన ఉపవాస ప్రార్థన పెట్టిద్దామన్నాడు. నేను నోరు చేసుకున్నాను. పాస్టరయ్య మంచివాడు, అడ్డం రాలేదు. ప్రార్థన సంగతి తాను చూసుకుంటానని, మమ్మల్ని వెంటనే డాక్టర్ దగ్గరికి పొమ్మన్నాడు.

డాక్టర్ సరితగారు కోస్తావైపు మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. ముందు జ్వరం ఉందా, తలకు దెబ్బ తగిలిందా, ఏమైనా మందులు మింగుతోందా అని అడిగి, రక్తం తీయించింది. చచ్చిపోవాలని గానీ, ఎవరినైనా కొట్టాలని గానీ అంటోందా అని అడిగింది. తర్వాత మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. పెద్ద దెబ్బ తగిలినప్పుడు, నిద్ర పూర్తిగా పోయినప్పుడు కొందరికి ఉన్నట్టుండి ఇలా అవుతుందట. లేని మాటలు వినబడతాయట, లేని భయాలు నిజమైపోతాయట. నెలలోపే పూర్తిగా తగ్గిపోయే రకమే కావచ్చట, నెల దాటితే మాత్రం వేరే జబ్బేమోనని చూడాలట. ముందు నిద్ర పట్టాలి, మాత్ర మానకూడదు, ఒంటరిగా వదలకూడదు అంది.

"ఆమెకు వినబడేది అబద్ధమని వాదించకండి. నిజమనీ ఒప్పుకోకండి. నాకు వినబడటం లేదు గానీ, నీకు భయంగా ఉందని తెలుస్తోంది అనండి," అని నాకు ప్రత్యేకంగా చెప్పింది. నా నోటి సంగతి చూడగానే తెలిసిపోయినట్టుంది.

నేర్చుకున్నాను, కష్టపడి. అన్నంలో విషం ఉందంటే ముందు నేను ఒక ముద్ద తిని చూపించేదాన్ని. టీవీ కట్టేశాను. వీధిలోని చెప్పులన్నిటినీ చీపురు పట్టుకుని తరిమాను. ప్రవచనం కోసం వచ్చినవాళ్ళు నన్ను సాతాను అన్నారు, అననీ అనుకున్నాను. మాత్రలతో యేసుమణి పగలూ రాత్రీ మొద్దులా పడుకుంది. లేచి, ఆకలి ఆకలి అని గిన్నెలు ఖాళీ చేసింది. క్రమంగా చూపు నిలబడింది. ఒక పొద్దున మిక్సీ వేశాను. ఆ చప్పుడుకు చెవులు మూసుకోలేదు, "వదినా, అల్లం ఎక్కువేసినవ్," అంది. నేను మిక్సీ ఆపేసి బావురుమన్నాను.

తెలివి వచ్చాక జరిగినవి ముక్కలు ముక్కలుగా గుర్తుకొచ్చాయి. మోరీలో బియ్యం గుర్తొచ్చి సిగ్గుపడింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి లేచి నిలబడింది. చిన్నాయన సూది వేసుకుంటున్నాడా అని అడిగింది. మా ఎవరికీ తెలియదు. ఆమె గోలలో పడి ఆయన మాటే మరిచిపోయాం. ఆయన కూడా మా గడప తొక్కలేదు.

తుక్కుగూడకు పోయి చూస్తే ఆయన సగమైపోయి ఉన్నాడు. ఒళ్ళు తేలికైందని, ప్రభువు చక్కెర తీసేశాడని సంతోషంగా చెప్పాడు. మాట్లాడుతూనే చెంబుల మీద చెంబులు నీళ్ళు తాగుతున్నాడు. ఎడమ కాలికి గుడ్డ కట్టుకున్నాడు. చెప్పు కరిచిందట. నేను గుడ్డ విప్పాను. బొటనవేలు నల్లగా ఉంది, వాసన వస్తోంది.

యేసుమణి ఆయన కాళ్ళు పట్టుకుంది. ఆ రోజు మాట్లాడింది తన జబ్బని, డాక్టరమ్మ దానికి పేరు కూడా చెప్పిందని, ఇప్పుడు మాత్రలతో తగ్గిందని, సూది వేసుకొమ్మని ఏడుస్తూ చెప్పింది.

ఆయన ఆమె తల నిమిరాడు. "గప్పుడు మాట్లాడింది నువ్వు కాదు బిడ్డా, ప్రభువు. ఇప్పుడు మాట్లాడేది నీ గోలీలు. అందరు నన్ను పోతవ్ పోతవ్ అన్నోళ్ళే. బతుకుతవని ఒక్క మాటన్న ఎవరన్న అన్నరా?"

పాస్టరయ్య పోయి చెప్పాడు. చదువుకున్నవాడు అట్లాగే అంటాడని చిన్నాయన నవ్వాడట. ఎత్తి ఆటోలో పడేసి దవాఖానకు తీసుకుపోదామని నేను మా ఆయనతో గొడవ పడ్డాను. పెద్దమనిషి మీద చెయ్యి ఎట్లా వేస్తామని ఆయన నసిగాడు. గౌరవమట, గౌరవం. వేలు కుళ్ళుతుంటే చూస్తూ కూర్చునే గౌరవం.

శనివారం యేసుమణి నాతో ఒక మాట చెప్పింది. తెలివితో చెప్తే వినడం లేదు కాబట్టి, మళ్ళీ ఆ రోజులాగే ఊగి, ఆ గొంతుతోనే చెప్తానంది. ఆ గుంతలోంచి లాగేసరికి మా తలప్రాణం తోకకొచ్చింది, కావాలని మళ్ళీ అందులో కాలు పెడితే? అక్కడే ఉండిపోతే? వద్దన్నాను. అరిచాను. ఆమె మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, చిన్నాయన చచ్చిపోతే నేను బాగై ఏం లాభమంది.

ఆదివారం చిన్నాయన కుంటుకుంటూ వచ్చాడు. సాక్ష్యాల సమయానికి యేసుమణి లేచి కళ్ళు మూసుకుంది, ఊగింది, కేక వేసింది. ఆడవాళ్ళంతా స్తోత్రం స్తోత్రం అంటున్నారు. అది నటనో నిజమో నాకే తెలియడం లేదు. చిన్నాయన ఎదుటికి పోయి, ఆయన నెత్తిమీద చెయ్యి పెట్టింది.

"చిన్నాయనా," అంది గట్టిగా. "సూది వేస్కో. దవాఖానకు పో. నేను చెప్తున్న."

ఆయన తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"గా దినం ప్రేమయ్యా అన్నవ్," అన్నాడు. "ఇయ్యాల చిన్నాయనా అన్నవ్. ప్రభువుకు నేను చిన్నాయననెట్లయిత బిడ్డా?"

యేసుమణి కళ్ళు తెరిచింది. ఆమె నోటికి ఆ పేరు రాలేదు. తెలివి ఉన్న నోరు కదా, రాదు. అక్కడే కూలబడి ఆయన మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఆయన కూడా ఏడ్చాడు. తన కోసం ఇంతమంది ముందు మళ్ళీ పిచ్చిదానివైనావా అన్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "పాండ్రి, ఎక్కడికి తీస్కపోతరో తీస్కపోండ్రి. ప్రభువు మాట ఇన్న, ఇగ నా బిడ్డ మాట ఇంట," అన్నాడు.

అదే రోజు దవాఖానలో చేర్చాం. విషం రక్తంలోకి ఎక్కిందన్నారు. సూదులు మొదలుపెట్టారు, మోకాలి కింది నుంచి కాలు తీసేశారు. మత్తు దిగాక ఒకసారి యేసుమణిని చూసి నవ్వాడు. ఆ తర్వాత కళ్ళు తెరవలేదు. వారం తిరగకుండానే పోయాడు.

సమాధి దగ్గర వినబడ్డ మాటలు విని నా రక్తం ఉడికిపోయింది. ప్రభువు బాగు చేసిన మనిషిని దవాఖానకు పంపి చంపిందట. దొంగ ప్రవచనం చెప్పిందట. సూది పారేయమన్న రోజు హల్లెలూయ అన్న నోళ్ళే అవి. జబ్బుతో అన్న మాటకు ఆమెను ఒక్కరూ తప్పు పట్టలేదు. తెలివితో, ప్రాణం పెట్టి చెప్పిన మాటకే పట్టారు. పాస్టరయ్య గదమాయించినా గొణుగుడు ఆగలేదు. నేను కొంగు దోపుకుని వాళ్ళ మీదికి పోబోయాను.

యేసుమణి నా చెయ్యి పట్టుకుని ఆపింది. డాక్టరమ్మ చెప్పిన ప్రకారం ఆమె పూర్తిగా కోలుకుంది, చూపు తేటగా ఉంది. చాటున దాక్కోవడానికి ఆ వినబడే మాటలు లేవు, భయాలు లేవు, ప్రభువు లేడు. అంతా గుర్తుంది.

"అననియ్ వదినా," అంది. "నన్ను అనాల్సిందే. అనే జాగ తప్పింది, గంతే."