సీటు మీద వేసిన గుడ్డ

నేను ఒక గుడ్డని. అంతటితో ఊరుకుంటే మీరు నన్ను పొయ్యి దగ్గరి మసిగుడ్డ అనుకుంటారు. అందుకే కాస్త వివరంగా చెప్పుకోక తప్పదు. పైన మెత్తటి నూలు, మధ్యలో నీళ్లు పీల్చే మందపాటి పొర, అడుగున చుక్క కూడా దిగనివ్వని పూత. కుర్చీలో పరుచుకునేంత కొలత. మూత్రం ఆపుకోలేని మనుషుల కింద ఉండి నలుగురిలో వాళ్ల పరువు కాపాడటం నా పని. తడిస్తే ఉతికి, ఎండలో ఆరేసి మళ్లీ వాడుకోవచ్చు. ఒక్కసారి వాడి పారేసే కాగితపు జాతి వేరు. వాళ్లతో నన్ను జతకడితే ఒళ్లు మండుతుంది.

నన్ను చీరాల దగ్గర ఒక రేకుల షెడ్డులో కుట్టారు. అంచులు కుడుతున్న అమ్మాయి "ఇవి పసిపిల్లలకంట" అంది. "పసిపిల్లకి ఇంత పెద్దదా?" అని పక్కామె నవ్వింది. ఎవరికోసమో ఇద్దరికీ తెలుసు. అయినా ఒక్కరూ ఆ మాట పైకి అనలేదు. గుంటూరు మందుల షాపతను ఇంకా ఘనుడు. నన్ను పాత పేపర్లో చుట్టి, ఆ పైన నల్ల కవరు తొడిగి, దొంగసొత్తు అందిస్తున్నట్టు అటూ ఇటూ చూసి ఇచ్చాడు. నేనేం పాపం చేశానో నాకిప్పటికీ తెలీదు.

నన్ను కొన్న పిల్ల పేరు హెప్సిబా. ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని ఉద్యోగం చేస్తుంది. అమెరికా ఆసుపత్రుల కాగితాలు చదివి, రోగికున్న జబ్బుకో కోడు, వాడిన వస్తువుకో కోడు వేసి బీమా కంపెనీలకు పంపాలి. అందులోనూ ఆమెకు వచ్చేవి ఎక్కువగా మా జాతి కాగితాలే. ఉతికి వాడుకునే ప్యాడుకు టీ అక్షరం, వెనక నాలుగంకెలు. పరుపు కొలతకు ఒకటి, కుర్చీ కొలతకు ఇంకొకటి. మన దేశంలో పేరు పలకడానికే సిగ్గుపడే నాకు సముద్రాల అవతల సొంత నంబరు ఉందని విని ఎంత పొంగిపోయానో!

ఆమె నన్ను కొన్నది అత్తగారి కోసం. సువార్తమ్మ పాతికేళ్లు గుంటూరు-రేపల్లె బస్సులో కండక్టరు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం బస్సు చివరిదాకా వినపడుతుంది. టిక్కెట్టు లేనివాణ్ణి ఎవరి మనిషైనా సరే దించేసేది. కిటికీలోంచి తువాలు విసిరి సీటు ఆపేవాళ్లంటే ఆమెకు మరీ మంట. ఆ తువాలు తీసి వాళ్ల మొహానే కొట్టేదట. ఆ పాతికేళ్లూ దారిలో ఆడమనిషి చాటుకు వెళ్లే చోటు లేక, నీళ్లు తాగడం మానేసి, వచ్చినదాన్ని గంటల తరబడి బిగబట్టుకుని బతికింది. ఇప్పుడు రిటైరయ్యాక ఒళ్లు మాట వినడం మానేసింది.

రేపల్లెలో ఆమె అక్క కరుణమ్మ ఉంది. చూపు పోతోంది. కదల్లేదు. "నీ మొహం ఆనకుండా పోయేలోపన్నా ఒకసారి రావే" అని ఫోన్లో బతిమాలుతోంది. కిందటేడు సువార్తమ్మ బయల్దేరింది కూడా. తెనాలి చేరేసరికి సీటు తడిసిపోయింది. లేచిన మనిషి వెనక్కి తిరిగి చూడకుండా దిగి, ఆటో కట్టించుకుని ఇంటికొచ్చి, తలుపేసుకుని ఏడ్చిందట. అప్పట్నుంచి బస్సెక్కలేదు. అక్క అడిగితే మోకాళ్ల నొప్పులంటుంది. పాపం, ఆ మోకాళ్లు నిక్షేపంగా ఉన్నాయి.

నన్ను చూడగానే ఆమె మొహం తిప్పేసుకుంది. "నీ జీతంతో నాకు గుడ్డలేంటమ్మాయ్?"

"జీతం కాదత్తయ్యా. మా కంపెనీ బీమాలో మీ పేరు కూడా ఉంది. డాక్టరు రాసిస్తే ఇట్టాంటి వాటికి డబ్బు వాళ్లే ఇస్తారు."

"నాకు రావాల్సిందైతే తీసుకుంటా. ఊరకే అయితే వద్దు."

సంచిలో నన్ను పెట్టుకుని ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ చూడటం అయ్యాక హెప్సిబా అత్తగారిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి తానొక్కతే మళ్లీ లోపలికెళ్లింది. "మేడం, ఆ మాట కాయితం మీద చూస్తే అత్తయ్య తట్టుకోలేదు. కాస్త మర్యాదగా రాయండి" అంది. డాక్టరమ్మ నవ్వి 'వయసు రీత్యా నీరసం' అని రాసింది. అయ్యో పిల్లా, అనుకున్నాను సంచిలో. వేరేవాళ్ల కాగితంలో జబ్బు సరిగా లేకపోతే నిమిషంలో వెనక్కి కొట్టే పిల్ల, తన ఇంటి కాగితం దగ్గరికొచ్చేసరికి ప్రేమతో కళ్లు మూసుకుంది.

ఆ కాగితం పంపాక బీమావాళ్ల జవాబు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. నీరసానికి ఈ వస్తువు అవసరం లేదట. పైగా ఒక్కసారి వాడి పారేసే సామాన్లకు డబ్బు ఇవ్వరట. నన్ను పారేసే సామాను అంటారా! నా కుట్లన్నీ పటపటలాడాయి.

ఫోన్లో ఆ జవాబు చదివింది సువార్తమ్మ. మంచం మీదున్న నన్ను నాలుగు మడతలు పెట్టి కోడలి టేబులు మీద పెట్టింది. "టిక్కెట్టు లేనోళ్లని దించినదాన్ని. నాకు రాదన్నాక నేనెట్టా ఎక్కుతానమ్మాయ్? షాపులో ఇచ్చెయ్యి." వెంటనే అక్కకు ఫోన్ చేసి "ఈ ఏడు కూడా కుదరదులే అక్కా" అంది. నాకు గుండె లేదు గానీ, ఉంటే ఆగిపోయేది.

హెప్సిబా లేచొచ్చి అత్తగారి మంచం పక్కన నేల మీద కూర్చుంది. "తప్పు బీమావాళ్లది కాదత్తయ్యా, నాది. నీరసం అని రాయమంది నేనే."

"ఎందుకే?"

"మీరు సిగ్గుపడతారని. రోజంతా నేను చేసేది ఇదే పని. వేలమందికి ఇదే జబ్బు. వాళ్లందరికీ ఉన్నదున్నట్టు రాస్తాను. మీ దగ్గరికొచ్చేసరికి నాకే నోరు రాలేదు."

సువార్తమ్మ కోడలి వైపు తిరిగింది. "వేలమందా?"

"ఇంకా ఎక్కువే."

"నేనొక్కదాన్నేననుకున్నా" అంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పద, ఆ డాక్టరమ్మ దగ్గరికి. నేనే చెప్తా."

ఈసారి ఎవరూ బయట బెంచీ మీద కూర్చోలేదు. సువార్తమ్మ నన్ను నల్ల కవర్లోంచి తీసి బల్ల మీద పరిచింది. "రాసుకోండమ్మా. నాకు ఒంటేలు ఆగట్లేదు. దగ్గితే పడిద్ది, లేస్తే పడిద్ది. పాతికేళ్లు బస్సులో బిగబట్టుకున్నా. ఇదిగో, ఈ గుడ్డ ఉతుక్కుని వాడుకునేది, పారేసేది కాదు. అది కూడా రాయండి." డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. అడిగి అడిగి, ప్రతి ముక్కా రాసింది. కండరాలకు వ్యాయామం నేర్పింది, మందూ ఇచ్చింది. హెప్సిబా ఆ కాగితాన్ని మళ్లీ పంపింది. బీమావాళ్లు ఒప్పుకున్నారు. నాకు సరైన జాతి, ఆమెకు సరైన జబ్బు దక్కాయి. వినడానికి చిన్న విషయమే. కానీ ఆ సాయంత్రం సువార్తమ్మ నన్ను తన కుర్చీలో తనే పరుచుకుంది.

ఆ ఆదివారం ప్రార్థన కాగానే అత్తాకోడళ్లు గుంటూరు బస్టాండుకొచ్చారు. రేపల్లె బస్సు ఇంకా ఆగనైనా ఆగలేదు, జనం తలుపు మీద పడ్డారు. అబ్బో, ఏం తోపులాట! సువార్తమ్మ తలుపు వంక చూసింది, తన బక్క ఒంటి వంక చూసుకుంది. సంచిలో చెయ్యి పెట్టి నన్ను లాగింది. "అత్తయ్యా, అదీ..." అని హెప్సిబా అనేలోపే కిటికీలోంచి నన్ను విసిరింది. పాతికేళ్లు జనం తువాళ్లు ఎత్తిపారేసిన మనిషి! నేను వెళ్లి ముందు సీట్లో వెల్లకిలా పడ్డాను.

ఎవరో కుర్రాడు నన్ను రెండు వేళ్లతో ఎత్తాడు. "ఎవరిదండీ ఈ గుడ్డ?"

"నాదేనయ్యా!" మెట్ల మీదనుంచి ఆ పాత కండక్టరు గొంతు బస్సు చివరిదాకా వినపడింది. "నాకు ఒంటేలు ఆగదు. దానిమీద కూర్చోవాలి నేను. అక్కడే పెట్టు."

బస్సంతా మెడలు తిప్పి చూసింది. కుర్రాడు నన్ను జాగ్రత్తగా పరిచి, చెయ్యి పట్టుకుని ఆమెను కూర్చోబెట్టాడు. పక్కన హెప్సిబా తల వంచుకుంది. సిగ్గనుకున్నాను. కాదు, నవ్వాపుకుంటోంది.

బస్సు కదిలింది. కండక్టరు చిన్న వయసు పిల్ల. టిక్కెట్టు ఇచ్చి కూడా ముందుకు కదల్లేదు. నా అంచు పట్టుకుని నలిపి చూసి, వంగి, ఎవరికీ వినపడనట్టు అడిగింది. "ఇది ఎక్కడ దొరికిద్ది పెద్దమ్మా?"

సువార్తమ్మ ఆ పిల్ల మొహం వంక చూసింది. తన పక్కనున్న నీళ్ల సీసా తీసి ఆమె చేతిలో పెట్టింది. "ముందు నీళ్లు తాగు. ఆపుకోమాక. డాక్టరు దగ్గరికి పో, ఉన్నదున్నట్టు చెప్పు. నీరసం అని మాత్రం రాయించుకోమాక."

తెనాలి వచ్చింది. అప్పటికే నేను కొంచెం తడిశాను. సువార్తమ్మ నా మీద సర్దుకుని కూర్చుంది గానీ లేవలేదు. బస్సు రేపల్లె దారి పట్టింది.