తుప్పు గీతలు

మా తమ్ముడి గిటార్ వాళ్ళింట్లో ఇద్దరి చేతుల్లో రెండు రకాలుగా పలుకుతోందని విని వెళ్ళాను. దుమ్ము తుడుస్తూ మా మరదలి చేయి తగిలితే తీగలు స్వచ్ఛంగా మోగుతాయట. తమ్ముడి కూతురు వాయిస్తే మాత్రం ప్రతి స్వరం వెంట ఒక జీర బయలుదేరుతుందట. తమ్ముడు పోయినప్పటినుంచీ ఇదే వరస.

"దయ్యాన్ని పట్టడానికొచ్చావా, పెదనాన్నా?" అంది అమ్మాయి తలుపు తీస్తూ.

"దొరికితే కొలిచి వదిలేస్తాను. ఎందుకంటే..."

"అదిగో, మొదలైంది!"

ఆ పిల్ల నాకు పెట్టిన పేరు 'ఎందుకంటే పెదనాన్న'. భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాడికి అంతకన్న తగిన బిరుదు దొరకదు. గిటార్లు బాగుచేయడం తరువాత అలవడిన కాలక్షేపం.

తమ్ముడి గదిలో అతని కుర్చీ కిటికీవైపే తిరిగి ఉంది. మెత్తలో అతను కూర్చున్న పల్లం ఇంకా పూడలేదు. స్పాంజి పాతబడితే తిరిగి పొంగదు. ఆ సంగతి తెలిసి కూడా నేను బల్ల అంచునే కూర్చున్నాను. అమ్మాయి నేలమీద చతికిలబడింది.

"సాయంత్రం ఒకాయన గిటార్ కొనడానికొస్తున్నాడు. ఈ జీర ఒక్కటి పోగొట్టు, ఇచ్చేస్తాను."

"మరి నువ్వు వాయించవా?"

"నాన్నకి ఇష్టం లేదుగా. చివరి ఏడాదంతా ముట్టుకోనివ్వలేదు. 'నీది మోటు చెయ్యి, దీనికి పనికిరాదు' అన్నారు. ఇప్పుడూ అదే అంటున్నారు. కావాలంటే విను."

ఆంప్లిఫయర్ వేసి గట్టిగా మీటింది. స్వరం వెనకాల ఎవరో గొంతు సవరించుకోలేక పెనుగులాడుతున్నట్టు జిర్రుమంది.

"చివర్లో ఆయన గొంతు అచ్చం ఇలాగే ఉండేది," అంది మెల్లగా.

నా ముంజేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అది నరాల పని. దాన్ని సాక్ష్యంగా తీసుకోను.

వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని మెడ చూశాను. రెండు కొసలా తీగను నొక్కిపెడితే నడుమ ఉండవలసినంత సందే ఉంది. మెడమీద అడ్డంగా ఉండే లోహపు మెట్లన్నీ ఉక్కు బద్ద ఆనించి పరీక్షించాను; ఒక్కటీ పైకి లేచి లేదు. చిటికెన వేలితో మీటితే గంటలా మోగింది, బొటనవేలితో లాగితే జీర. అంతుపట్టింది.

"తీగలు మరీ కిందికున్నాయమ్మా. మెల్లగా తాకితే తీగ కొద్దిగానే ఊగుతుంది, దేన్నీ తగలదు. నువ్వు మీటినట్టు మీటితే బారుగా ఊగి మెట్లను కొడుతుంది. మీ అమ్మ చేతికి పలికి, నీ చేతికి పలకకపోవడానికి కారణం ఇంతే."

"కిందికా? నాన్న అలా పెట్టరే! తీగలు దించుకునేవాళ్ళని సోమరిపోతులని ఏడిపించేవారు."

అందుకే భూతద్దం తీశాను. ఒక్కొక్క తీగ కింద ఒక చిన్న లోహపు దిమ్మ ఉంటుంది. దాన్ని రెండు సన్నని స్క్రూలు మోస్తుంటాయి. దిమ్మను దించినకొద్దీ స్క్రూ కొస పైకి తేలుతుంది. తేలినమేర వాయించేవాడి అరచేతి చెమట తగిలి తుప్పు పడుతుంది. ఒకేసారి దించి ఉంటే ఒకే రంగు ఉండాలి. ఇక్కడ కొసన ముదురు గోధుమ రంగు, దాని కింద లేత గోధుమ, ఇంకా కింద పసుపు జాడ, దిమ్మకు ఆనుకున్నచోట మెరుపు.

భూతద్దం అమ్మాయికిచ్చాను. చాలాసేపు చూసింది.

"కొంచెం కొంచెంగా దించుకుంటూ వచ్చారా?"

"ఆఁ."

"నొక్కలేక!"

చేతుల్లో బలం పోతోందన్న సంగతి తమ్ముడు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మాకు తెలిసేనాటికి టీ కప్పు కూడా ఎత్తలేకపోతున్నాడు.

"నేను వాయించి ఉంటే జీర వచ్చేది," అంది, అద్దం దించకుండానే. "ఎందుకిలా దించారని అడిగేదాన్ని. అందుకేనా ముట్టుకోనివ్వలేదు?"

"అది ఊహ. తుప్పువరకే ఋజువు."

"నీ ఋజువు నువ్వు ఉంచుకో, నా ఊహ నాకు చాలు," అంటూ ముక్కు ఎగబీల్చింది. "తీగలు ముందు ఎక్కడుండేవో అక్కడికి ఎత్తు."

తుప్పు మీద నూనె చుక్కలు వేసి, నాననిచ్చి, ముదురు రంగు మాత్రమే పైన మిగిలేదాకా ఒక్కొక్క స్క్రూ తిప్పాను. ఎత్తిన తీగలు బిగిసి శ్రుతి తప్పాయి, అమ్మాయే సరిచేసింది. నా వేలికొస గోధుమరంగైంది. తమ్ముడి చెమటలోని ఉప్పు ఆ ఇనుముతో చేసిన పని.

అమ్మాయి లేచి, ఒక్క క్షణం తటపటాయించి, ఆ కుర్చీలో కూర్చుంది. బలంకొద్దీ మీటింది. జీర లేదు. ఆరోగ్యంగా ఉన్ననాటి నా తమ్ముడి చేతికి సరిపోయిన ఎత్తు ఆ మోటు చేతికి అతికినట్టు సరిపోయింది. కిటికీ అద్దాలు అదిరాయి.

వంటింట్లోంచి మరదలి కేక వినిపించింది:

"ఏవండోయ్, చెవులు చిల్లులు పడుతున్నాయి, కాస్త తగ్గించండి!"

ఆ తరువాత గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది.

చెవి గుర్తుపట్టినదాన్ని బుద్ధి ఆపేలోగా నోరు అనేస్తుంది. దానికి వివరణ ఉంది. నేను చెప్పబోలేదు. అమ్మాయి నా ముఖమే చూస్తూ, చేయి చాపి శబ్దం కొంచెం తగ్గించింది. వాయించడం ఆపలేదు.

వీధి తలుపు గంట మోగింది.

"పెదనాన్నా, అమ్మడం లేదని చెప్పవా? ఎందుకని అడిగితే నీకు తోచింది చెప్పు."

వెళ్ళి తలుపు తీశాను. వచ్చినాయన గుమ్మంలోనే చెవి ఒగ్గి, "బాగా వాయిస్తున్నారే, ఎవరండీ?" అన్నాడు.

సమాధానానికి నోరు తెరిచాను. వంటింటి గుమ్మంలో, తడిచేతులతో, మా మరదలు కూడా దానికోసమే నిలబడి ఉంది.