చెవిమేస్త్రి మాట

స్క్రూడ్రైవరు మొనను డీజిలు ఇంజనుకు ఆనించి, చెక్కపిడిని చెవి ముందున్న ఎముకకు అదిమిపెట్టి, మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. ఇంజను దడదడ దవడలోకి దిగింది. నాలుగు సిలిండర్లూ వరసగా కొట్టుకుంటున్నాయి, మూడోది మాత్రం కాస్త వెనకబడుతోంది. మూరెడు పొడవున్న ఆ స్క్రూడ్రైవరు పిడి ముప్పై ఏళ్ళుగా ఒకే చోట ఒరుసుకుని, ఒక పక్క నున్నగా గుంటపడింది. దాన్ని ఆనించి ఆయన ఏ ఇంజను గురించి ఏం చెప్పినా అది జరిగి తీరేది. అందుకే పాతకార్లు అమ్మే ఆ యార్డులో ఆయన చెవిమేస్త్రి. అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఇంకెక్కడా లేదు.

“మూడోదాని నాజిలు పోతోంది. మార్చకుండా అమ్మొద్దు,” అని ఇంజను ఆపాడు. ఓనరు సరేనన్నట్టు తల ఊపాడు. ఆ తల అన్నిటికీ అలాగే ఊగుతుంది.

మేస్త్రికి అరవై దగ్గరపడ్డాయి. పొట్టి మనిషి, వంగి వంగి భుజాలు ముందుకొచ్చేశాయి. ఎడమ కనుబొమ మీద రేడియేటరు ఆవిరి కాల్చిన మచ్చ. గోళ్ళ కింది నలుపు పెళ్ళినాటి ఫొటోలో కూడా ఉంది. ఆయనకున్న ఆస్తి ఆ చెవి, దాన్ని నమ్ముకున్న ఆ మాట. అందులో చెవి పోయింది. అంతా పోలేదు, సన్నటి చప్పుళ్ళు పోయాయి. ఇంజను దడదడ తెలుస్తుంది, మనిషి మాట తెలుస్తుంది. ఈల, గంట, పిచ్చుక అరుపు తెలియవు. ఈ సంగతి ఆయన భార్యకొక్కదానికే తెలుసు. పొద్దున్నే ఇంట్లో దాని మీదే రగడ.

“మూడు కూతలకి కుక్కరు కట్టెయ్యమన్నాను. ఏడు కూసింది. చెవిలో ఏం పోసుకున్నావయ్యా?”

“పేపరు చదువుతున్నా.”

“పేపరు తలకిందులుగా ఉంది. డాక్టరుకి చూపించుకోమంటే నీకు నామోషీ. యార్డులో తెలిస్తే ఏం చేస్తావు?”

ఆయన మాడిన అన్నమే పైపైన తీసుకుని తిని వచ్చేశాడు. తెలిస్తే కదా, అనుకున్నాడు.

కార్లు కొనేవాళ్ళంటే మేస్త్రికి మొదటినుంచీ చిరాకు. సలహా కోసం వచ్చామంటారు. కావలసింది సలహా కాదు, ఇంట్లో ముందే తేల్చుకొచ్చిన దానిమీద ఆయన ముద్ర. వారానికోసారి మార్కెట్టుకి పోయే పెద్దమనిషికి డీజిలే కావాలి, ఎందుకంటే తోడల్లుడిది డీజిలు. రోజంతా ఊళ్ళు తిరిగే మందుల కంపెనీవాడు కరెంటు బండి కొని, దారిలో ప్లగ్గు వెతుక్కుంటాడు. చెడిపోతే మాత్రం అందరూ మేస్త్రి మీదికే వస్తారు. కిందటేడు ఓ నర్సు అలాగే వచ్చింది. మీరు బాగుందన్న బండే, మూడు నెలలకి గేర్‌బాక్సు పోయిందని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “నేను చూసినప్పుడు శుభ్రంగా ఉంది, నీకే నడపడం రాదు,” అని కసిరి పంపేశాడు.

ఇక కరెంటు బండి పేరెత్తితే ఒళ్ళు మంట. అది కారు కాదు, చక్రాలున్న ఫ్రిజ్జు అంటాడు. పిడి చెవికి ఆనిస్తే అందులో ఏ చప్పుడూ ఉండదు. ఏమీ లేనిదాన్ని బాగుందని చెప్పమంటారు, ఎలా చెప్పి చావాలి?

పదకొండింటికి సైన్సు టీచరమ్మ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. భుజాన సంచి, చేతిలో కాగితం నిండా ప్రశ్నలు.

“నాకిది మొదటి కారు, బహుశా చివరిది కూడా. మళ్ళీ కొనే ఓపిక లేదు. మీ మాట మీదే తీసుకుందామని వచ్చాను మేస్త్రిగారూ. పెట్రోలా, డీజిలా, కరెంటా?”

“రోజుకెంత దూరమమ్మా?”

“స్కూలుకి తొమ్మిది, తిరిగి తొమ్మిది. నెలకోసారి మా అక్కయ్య ఇంటికి. నూట ముప్పై.”

“రాత్రిపూట బండి ఎక్కడ పెడతారు?”

“ఇంటి కిందే. ప్లగ్గు పెట్టుకోమన్నారు ఇంటివాళ్ళు.”

మేస్త్రి మొహం మాడింది. డీజిలు అని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అబద్ధం ఆయనకు చేతకాదు.

“డీజిలు వద్దు. పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ ఉంటుంది. తొమ్మిదేసి కిలోమీటర్లకి అది వేడెక్కదు, మసి కాలదు, మూసుకుపోతుంది. పెట్రోలుకి పేరు పెట్టలేం, కానీ ఇప్పుడు ఇక్కడున్న పెట్రోలు బండి రేడియేటరు నీళ్ళు తాగేస్తోంది. మీకు…” గొంతు సవరించుకున్నాడు. “మీకు కరెంటుదే సరి.”

ఓనరు ఎక్కడినుంచి ఊడిపడ్డాడో, తెల్ల కరెంటు బండి తాళం ఊపుతూ వచ్చాడు. “అలాంటిది నిన్ననే వచ్చిందమ్మా. మేస్త్రి చూసి చెబుతాడు. ఆయన ఊఁ అంటేనే తీసుకోండి.”

మేస్త్రి డీజిలు బండి పక్కనే ఉన్న నీళ్ళబకెట్టులో చేతులు కడుక్కున్నాడు. ముగ్గురూ ఊరిచివరి రోడ్డు దాకా వెళ్ళొచ్చారు. టీచరమ్మ నడిపింది, పక్కన మేస్త్రి, వెనక ఓనరు. స్టీరింగు లాగలేదు, బ్రేకు వణకలేదు, గుంటల్లో ఏదీ కొట్టుకోలేదు. తిరిగొచ్చాక ముందు చక్రాలు జాకీ మీద లేపించి, టీచరమ్మ చేత యాక్సిలరేటరు తొక్కించి, మోటారుకి స్క్రూడ్రైవరు ఆనించి విన్నాడు. ఎముకలో ఏమీ మోగలేదు. బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకున్నాడు. ఎంత పగ ఉన్నా లేని తప్పు ఉందని ఎలా అంటాడు?

“శుభ్రంగా ఉందమ్మా. తీసుకోండి.” కరెంటు బండిని మెచ్చుకోవడం అదే మొదలు. నోరు చేదెక్కింది.

టీచరమ్మ కాగితం మడిచింది, మళ్ళీ విప్పింది. “మరి ఆ కూత ఏంటండీ? స్పీడు నలభై దాటగానే మొదలైంది, సన్నగా ఈల వేసినట్టు. ఇప్పుడు మీరు కింద ఉన్నప్పుడైతే చెవులు గళ్ళుపడ్డాయి.”

“ఈ బండ్లకి ఆ మాత్రం ఈల మామూలేనమ్మా,” అన్నాడు ఓనరు వెంటనే.

మేస్త్రి ఓనరు వైపు తిరిగాడు. “నీకు వినబడిందా?”

ఓనరు ఆయన్ని భుజం పట్టుకుని డీజిలు బండి దాకా నడిపించాడు. గొంతు తగ్గించాడు. “ఇప్పుడేంటి మేస్త్రీ? నీకు వినబడదని నాకు రెండేళ్ళ నుంచీ తెలుసు. జేబులో ఫోను మోగినా చూసుకోవు. ఎవరికన్నా చెప్పానా? ఇంకొకడైతే ఎప్పుడో సాగనంపేవాడు.”

“తెలిసే నా చేత చూపిస్తున్నావా?”

“నేనేం అన్యాయం చేశాను? నీకు వినబడింది నువ్వు చెప్తున్నావు. అబద్ధం ఆడమని ఏనాడైనా అన్నానా?”

అనలేదు, నిజమే. ఒక్కనాడూ అనలేదు. మేస్త్రి ఇంజను అంచు పట్టుకుని నిలబడ్డాడు. గేర్లలో కూత ఉన్న బండ్లు, బేరింగులు అరిగిన బండ్లు ఓనరు ఏరి ఏరి తన ముందు పెట్టాడన్నమాట. తన నిజాయితీయే వాడికి పెట్టుబడి. నీకే నడపడం రాదని ఆ నర్సుని ఎంత మాట అన్నాడు. సిగ్గుతో మెడదాకా కాలిపోయింది. చేతిలోని స్క్రూడ్రైవరుని ఇంజను అంచున, ఎప్పుడూ పెట్టినట్టే పెట్టి, టీచరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

“మీకు కరెంటు బండే సరి తల్లీ, ఆ మాటలో మార్పు లేదు. కానీ ఇది కాదు. మీరు విన్నది బేరింగు కూత. నాకు వినబడలేదు. సన్నటి చప్పుళ్ళు నాకు వినబడవు, రెండేళ్ళయింది.”

ఇంత తేలికగా బయటికొస్తుందని ఆయన అనుకోలేదు. ఓనరు అటు తిరిగిపోయాడు.

“ఇంకోచోట చూసుకోండి. బ్యాటరీ ఎంత సత్తువ మిగిలిందో కాగితం అడగండి. అద్దాలు మూసి, రేడియో కట్టేసి, మీరే వినండి. ఎవరి మాటా నమ్మొద్దు, నా మాట అసలే వద్దు.”

“మీరు చెప్పారు కాబట్టే కదండీ తెలిసింది,” అంది టీచరమ్మ.

మేస్త్రి మేకుకున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు, అన్నం డబ్బా పట్టుకున్నాడు. నర్సు పనిచేసే ఆసుపత్రి పేరు గుర్తుంది. ఏ బస్సెక్కాలో తెలియదు, అడిగితే ఎవరైనా చెబుతారు. గేటు దగ్గర ఓనరు వెనకనుంచి ఏదో అన్నాడు. వినబడింది, అయినా తిరగలేదు.

మధ్యాహ్నం దాటాక భార్యాభర్తలిద్దరు డీజిలు బండి చూడడానికి వచ్చారు. ఓనరు స్టార్టు చేసి, అలవాటుగా “మేస్త్రీ” అని కేకేసి, నాలిక కరుచుకున్నాడు. ఇంజను అంచు మీద స్క్రూడ్రైవరు, చెవి పట్టేంత గుంట పైకి తిరిగి, మూడో సిలిండరు వెనకబడినప్పుడల్లా ఒకసారి వణుకుతోంది.