నడుంలో ఉంది కిటుకు

జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం, హాంక్ బార్ వెనక గదిలో ఆడవాళ్ళ కయాక్ క్లబ్ భోజనాలు జరుగుతున్నాయి. సరస్సు గడ్డకట్టుకుపోయి చాలా రోజులైంది. మగవాళ్ళు మంచుకు కన్నాలు పెట్టి, కన్నం పక్కన కుర్చీ వేసుకుని బీరు తాగుతూ, అదే చేపలు పట్టడమని చెప్పుకు తిరుగుతున్నారు. కయాక్ అనే సన్నటి ఒంటిమనిషి పడవ మీద వెళ్ళి చేపలు పట్టే ఆడవాళ్ళకి మాత్రం ఇది ఆఫ్‌సీజన్. చేతులు ఊరుకోవు, చేయడానికి పనీ ఉండదు. అందుకే ఏటా ఈ భోజనాల్లో ఒక్కొక్కరే లేచి నిలబడి, మంచు కరిగాక వచ్చే సీజన్‌కి ఏం సాధించాలనుకుంటున్నారో, దానికోసం ఈ చలికాలం ఏం చేస్తారో నలుగురి ముందూ చెప్పాలి. కిందటేడు చెప్పింది చెయ్యనివాళ్ళు బార్ మీదున్న సీసాలోంచి వెనిగర్‌లో ఊరిన కోడిగుడ్డు ఒకటి తీసుకుని అందరూ చూస్తుండగా తినాలి. ఆ సీసా ఏ కాలం నాటిదో హాంక్‌కే తెలియదు.

రోండా ఇంతవరకూ ఆ గుడ్డు ముట్టలేదు. యాభై దాటిన మనిషి, స్కూలు బస్సు నడుపుతుంది. విడాకుల కాగితాలు చేతికొచ్చిన ఏడాదే కయాక్ కొనుక్కుంది. ప్రతి శనివారం తెల్లవారుతుండగానే నీళ్ళ మీదకి వెళ్ళిపోయి, మెడలో కెమెరా వేలాడేసుకుని, తను పట్టిన ప్రతి చేపనీ వీడియో తీస్తుంది. ఆ వీడియోల పేరు 'ఒంటరిగా రోండా'. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో అవి చూసి ధైర్యం తెచ్చుకున్నామని ఆమెకు రాస్తుంటారు. ఒంటరిగా అన్న మాట ఆమెకు ఇంటిపేరులాగా స్థిరపడిపోయింది. మొగుడి ఇంటిపేరు వదిలేశాక ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్న మాట అది, అందుకని దానిమీద ఆమెకి మమకారం ఎక్కువ.

ఆమె వంతు రాగానే గది సద్దుమణిగింది.

"ఈసారి నేను పట్టే మస్కీ చేప, నిలబెడితే నా నడుం దాకా రావాలి. దానికోసం చలికాలమంతా గాలాలు నేనే కట్టుకుంటాను, మన సరస్సు లోతుల మ్యాపు బట్టీ పడతాను. ఇంకోటి, ఉత్తరాన నేనెప్పుడూ దిగని సరస్సు ఉంది. అక్కడ ఒడ్డున డేరా వేసుకుని ఒక్కదాన్నే ఉండి వస్తాను."

అందరూ బల్లలు చరిచారు. రెండు మాటలు తప్పి రెండు గుడ్లు తిని ఇంకా మొహం చిట్లించుకునే ఉన్న బెవ్ లేచి, "నువ్వు గుడ్డు తినే రోజు చూసి కానీ నేను చావను రోండా!" అంది.

"అయితే నువ్వు బాగా ముసలిదానివవుతావు బెవ్, కూర్చో."

నవ్వులు తగ్గాక, కొత్తగా చేరిన కెల్సీ అనే అమ్మాయి మొహమాటంగా చెయ్యెత్తింది. పాత కయాక్ ఒకటి కొనుక్కుని, ఇంకా దానితో కుస్తీ పడుతోంది.

"మిమ్మల్ని ఒకటి అడగొచ్చా? మీ కయాక్ నాదానికన్నా చాలా బరువు కదా. ఒక్కరే ట్రక్కు మీదకి ఎలా ఎక్కిస్తారు? నేను ఇప్పటికే కాలి మీద పడేసుకున్నాను. మీ వీడియోలన్నీ చూశాను, ఎక్కించేది మాత్రం ఎక్కడా దొరకలేదు."

ఎక్కడా దొరకదు, ఎందుకంటే ఎక్కించేది డెల్మర్. రోండా పక్కింటాయన. డెబ్బై ఏళ్ళ మనిషి. శనివారం ఆమె గరాజ్ తలుపు చప్పుడవగానే, చెప్పుల్లో కాళ్ళు సగమే దూర్చుకుని, పేపరు కోసం వచ్చానంటూ బయటికొచ్చేవాడు. "కెప్టెన్ గారూ, తలా తోకా?" అని అడిగి, ఆమె జవాబు చెప్పకముందే బరువైన వైపుకి పోయి పట్టుకునేవాడు. పొద్దున ఆమె నీళ్ళలోకి దిగేటప్పుడూ, సాయంత్రం ఒడ్డుకి చేరేసరికీ కుక్కని తిప్పడానికి వచ్చానంటూ అక్కడ తయారు. మొదటి వేసవిలో రోండా థాంక్స్ చెప్పేది. ఆ తర్వాత గరాజ్ తలుపుకి ఎవరు థాంక్స్ చెబుతారు? ఆ భాగాలన్నీ వీడియోల్లోంచి కత్తిరించేసేది. అబద్ధమాడుతున్నానని ఆమెకి ఏనాడూ అనిపించలేదు. నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఒక్కతే కదా.

అక్టోబరులో, ఆ ఏటి ఆఖరి శనివారం, కయాక్ ఎత్తుతూ డెల్మర్ ఒక్క మూలుగు మూలిగి నడుం పట్టుకున్నాడు. "ఏం లేదు, పాత సామాను, చప్పుడు చేస్తుంది" అని నవ్వి, వంగిపోయి, గోడ పట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. పొద్దెక్కితే చేపలు పడవని రోండా బయల్దేరిపోయింది. ఆ రోజు చేపలు బాగా పడ్డాయి కూడా. తర్వాత ఆయన కనిపించలేదు, ఆమె తలుపు తట్టలేదు. మంచు పడ్డాక వాళ్ళ వాకిట్లోది ఎవరూ ఎత్తిపోయకపోతే, తన బండికి అడ్డమని విసుక్కుంది కూడా.

ఇదంతా ఇప్పుడు, ఇరవై మంది ఆడవాళ్ళు తన నోటివైపే చూస్తుండగా ఒక్కసారిగా గుర్తొచ్చింది. అయినా నోరు అలవాటు మానుకుంటుందా?

"బలం కాదు కెల్సీ, కిటుకు" అంది రోండా. "మోకాళ్ళు వంచి, బరువంతా నడుం మీదకి తెచ్చుకోవాలి. నడుంలోనే ఉంది అంతా."

కెల్సీ ఆ మాటని పాఠంలా తల ఊపుతూ వింది. సరిగ్గా అప్పుడే రోండా భుజం పక్కనుంచి కాఫీ కూజా ఒకటి ముందుకొచ్చింది. పట్టుకున్నది మార్లిస్. డెల్మర్ భార్య. శనివారాల్లో హాంక్ వంటగదిలో పని చేస్తుంది.

"నిజమే" అంది మార్లిస్, కప్పు నింపుతూ. "నడుంలోనే ఉంది. మా డెల్మర్‌కి అందులో ఇప్పుడు రెండు మరలు కూడా ఉన్నాయి. నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండగ ముందు ఆపరేషన్ చేసి బిగించారు."

"అయ్యో, మాకెవరికీ తెలియదే! ఏమైంది?" అంది బెవ్.

"ఏదో బరువెత్తాడులే." మార్లిస్ కూజా మూతి జాగ్రత్తగా తుడిచింది. "పాలు పొయ్యనా రోండా?"

"వద్దు మార్లిస్."

"వద్దా? సరే."

ఆ 'సరే' ఏమిటో గదిలో ఇంకెవరికీ అర్థం కాలేదు. రోండాకి మాత్రం చెంపలు మండిపోయాయి. ఆ కాఫీ ఆమె తాగలేదు, భోజనమూ సయించలేదు, పని ఉందని చెప్పి అందరికన్నా ముందే లేచి వచ్చేసింది.

ట్రక్కులో కూర్చుని తలుపేసుకున్నాక, ఆమెకి నిజంగా సిగ్గనిపించింది. ఆ మనిషి ఆపరేషన్ బల్ల మీద పడుకున్న రోజుల్లో తను గాలాలకి రంగు ఈకలు కొనుక్కుంటోంది. నేరుగా వాళ్ళింటికి వెళ్ళి క్షమించమని అడగాలనే అనుకుంది. తాళంచెవి తిప్పబోతుండగా కెల్సీ మాట మళ్ళీ చెవిలో మోగింది. వీడియోలన్నీ చూశానంది కదా ఆ పిల్ల. ఇంటికెళ్ళి మళ్ళీ చూస్తే? కిటుకు నేర్చుకుందామని ఆపి ఆపి చూస్తే? ఇప్పుడు మార్లిస్ అన్నమాట కూడా వాళ్ళ చెవిన పడింది.

రోండా ఫోను తీసి, అక్కడే, చలికి వణుకుతూ, తన వీడియోలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూడడం మొదలుపెట్టింది. ఒకచోట దొరికింది. రెండేళ్ళ కిందటి జూన్. పొగమంచు, నిశ్చలంగా నీళ్ళు, కయాక్ నీళ్ళలోకి జారుతుంటే, తెర మూలన, రెప్పపాటు కాలం, నారింజరంగు తొడుగు వేసుకున్న ఒక చెయ్యి. కయాక్ ముక్కు పట్టుకుని, వదిలేసి, వెళ్ళిపోయింది.

ఆ వీడియోని ఆమె తీసేసింది. తీసేసి, హమ్మయ్య అనుకుంది. క్షమాపణ చెప్పడానికి వెళ్ళాల్సిన మనిషి ముందు చేసిన పని అదీ.

మర్నాడు చర్చి అయ్యాక, హాట్‌డిష్ అని అక్కడివాళ్ళు ఓవెన్‌లో వండే మాంసం వంటకం చేసుకుని, మీద బంగాళాదుంప ముక్కలు వరసగా పేర్చి, వేడివేడిగా పట్టుకుని పక్కింటి తలుపు తట్టింది. ఆ ఊళ్ళో పరామర్శకి ఉత్త చేతులతో ఎవరూ వెళ్ళరు. మార్లిస్ తలుపు తీసి, గిన్నె అందుకుని, "లోపలున్నాడు" అని మాత్రం అంది.

డెల్మర్ ముందుగదిలో పడక్కుర్చీలో ఉన్నాడు. పక్కన నడక బండి. చిక్కిపోయి, చొక్కా వదులైపోయింది. ఆమెని చూడగానే మొహం విప్పారింది.

"రా కెప్టెన్! పడవ లేకుండా ఇటొచ్చావేం, దారి తప్పావా?"

"డెల్మర్, నాకు తెలియదు. ఇంత జరిగిందని ఒట్టు, నాకు తెలియదు."

"అడిగితే తెలిసేది" అంది మార్లిస్ వంటగదిలోంచి.

"నువ్వూరుకో. నా నడుం చర్చి పియానో జరిపినప్పుడే పోవాల్సింది. మర్యాదకి ఇన్నాళ్ళు ఆగింది."

రోండా కుర్చీ అంచున కూర్చుని, రాత్రంతా కూడగట్టుకున్న మాటలు చెప్పింది. "ఈ చలికాలం నేను చేస్తానన్న పనులన్నీ పక్కన పెట్టేశాను. గాలాలూ లేవు, మ్యాపులూ లేవు. మంచు కరిగేలోపు నా కయాక్ నేనే ఎక్కించుకోవడం నేర్చుకుంటాను, అదొక్కటే. ట్రక్కు వెనక రోలర్ బిగిస్తే కుదురుతుందట. మీరింక దాన్ని ముట్టుకోనే అక్కర్లేదు."

కానుక ఇస్తున్నట్టే అంది ఆ మాట. డెల్మర్ కుర్చీ చేతిని నిమిరాడు.

"మంచిదే" అన్నాడు. "నేర్చుకోవాల్సిందే. అయితే శనివారాలు నేను అంత పొద్దున్నే పేపరు కోసం లేవక్కర్లేదన్నమాట."

"మాకు పేపరు ఆదివారమే వస్తుంది రోండా" అంది మార్లిస్. ఈసారి ఆమె గొంతులో కోపం కూడా లేదు.

రోండా తల వంచుకుంది. కిటికీలోంచి చూస్తే తన గరాజ్ తలుపు కనిపిస్తోంది. చీకటుండగానే లేచి, ఈ కిటికీ దగ్గర చెప్పులు దగ్గర పెట్టుకుని కూర్చునేవాడన్నమాట ఈయన.

"ఆ సంగతి ఎందుకులే ఇప్పుడు" అన్నాడు డెల్మర్, ఆమె మొహం చూసి ఇబ్బందిపడి. "నా సినిమా చూశావా నువ్వు? తీసిందానివి నువ్వే, కానీ చూసి ఉండవు. కసరత్తు చేయించడానికి వచ్చే పిల్లకి చూపించాను. పాస్టర్‌కి రెండుసార్లు చూపించాను. ఎక్కడో ఒహాయోలో ఉండే ఆడవాళ్ళు కూడా నన్ను చూశారయ్యా అంటే నమ్మడే! ఉండు."

కళ్ళజోడు పెట్టుకుని ఫోను చేతిలోకి తీసుకున్నాడు. వేలితో పైకి తోశాడు, కిందకి తోశాడు.

"జూన్‌లోది. పొగమంచు ఉంటుంది. ఇక్కడే ఉండేది... దీని పక్కన. మొన్న కూడా చూశాను." మళ్ళీ మొదటినుంచి వెతికాడు. "మార్లిస్, నెట్ మళ్ళీ పోయిందా?"

మార్లిస్ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. భర్త వైపు చూడలేదు, రోండా వైపు చూసింది. నెట్ పోయి ఉంటుంది అన్న మాట రోండా నాలుక చివరిదాకా వచ్చింది. అంటే సరిపోయేది, ఆయన నమ్మేవాడు. ఆ మాట అంత తేలిగ్గా దొరికినందుకే ఆమెకి తనమీద అసహ్యం వేసింది.

"నేనే తీసేశాను డెల్మర్" అంది. "నిన్న."

డెల్మర్ కళ్ళజోడు మీదుగా ఆమెని చూశాడు. కోపం వస్తుందేమోనని చూసింది ఆమె, వస్తే బాగుండుననుకుంది. ఆయన ఫోను ఒళ్ళో పెట్టుకుని, కుడి చెయ్యి తిప్పి ఒకసారి చూసుకున్నాడు.

"అడ్డం వచ్చిందా నా చెయ్యి?" అన్నాడు. "ఆ రోజే అనుకున్నాను, ఇంకాస్త వెనక పట్టుకోవాల్సింది."